వీపు కాయితం

మేడ మీది గది,
జూన్ 3

అన్నయ్యా,

కాయితాల చుట్టలు మూడూ చేరాయి. పార్సిలు ఆఫీసు మనిషి ఒక్కోటీ ఎత్తి చూసి, "ఏంటమ్మా, ఇంత పొడుగున్నాయి, బరువు మాత్రం లేవు?" అన్నాడు. మా అమ్మ అని నోటిదాకా వచ్చింది. పాత కాయితాలండీ అని సంతకం పెట్టి తెచ్చుకున్నాను.

గదిలో మూలనుంచి మూలకి తాళ్ళు కట్టి, క్లిప్పులు పెట్టి అన్నీ వేలాడదీశాను. ఎటు తిరిగినా ఒక చొక్కా చెయ్యో, కాలరో, పంట్లాం కాలో మొహానికి తగుల్తోంది. అన్నీ మిషను నూనె వాసన. ఇంటావిడ తొంగి చూసి, "నువ్వు కూడా కుట్టుపని మొదలెట్టావా?" అంది. లేదండీ, మా అమ్మ రాసిన కవితలు అంటే, వాటి మీదా అని ముక్కున వేలేసుకుంది. వాటి మీదే మరి. కొలతలు వేసుకున్న ఖాకీ కాయితం మీద, కొలతల మధ్యలో ఎక్కడ చోటుంటే అక్కడ. పంట్లాం కాలు మీద రాసింది కాలంత పొడుగుంది, పాదానికి రెండే మాటలు. ఒక చేతి కాయితం మీద "చెయ్యి కొలిచాను, చేతిలో ఏం దాచుకున్నాడో కొలవలేదు" అని రాసి, ఆ కిందే 'ఇరవై మూడున్నర' అని ఉంది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

ఆఫీసులో నక్షాలకి చేసినట్టే, పైన పల్చటి కాయితం పరిచి ఒక్కోటీ ఎత్తి రాస్తున్నాను. పత్రికాయన తెలుసుగా, అమ్మవి ఏడాదికి ఒకటో రెండో వేసేవాడు? ఇప్పుడు పుస్తకాలు వేస్తున్నాడు. అమ్మ పోయి ఏడాదయింది కదా, అన్నీ కలిపి వేద్దాం, ఆగస్టు ఆఖరుకి ఇమ్మన్నాడు. నువ్వు వీటిలో ఒక్కటీ చదివి ఉండవులే. నీకూ అక్షరానికీ ఆమడ దూరం. తొమ్మిదో క్లాసులో పద్యం అప్పజెప్పమంటే కడుపునొప్పి తెచ్చుకున్నవాడివి!

ఒక సంగతి. మూడో చుట్ట అడుగున చొక్కా వీపు కాయితం ఒకటుంది. ఒక పక్క మెడ, భుజం, చంక అన్నీ వంకర్లే. రెండో పక్క మాత్రం స్కేలు పెట్టి కోసినట్టుంది. రాసిన పాదాలన్నీ ఆ తిన్నటి అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. మా దగ్గర నక్షా అంచున రోడ్డు ఆగిందంటే, పక్క షీటులో అక్కడి నుంచే మొదలవ్వాలి. ఈ కాయితానికి పక్క షీటు ఏదీ? నీ దగ్గరే ఉండిపోయుంటుంది. వెతికి పంపు. కాస్త తొందర.

నీ
బుల్లి

*

కొట్టు నుంచి,
జూన్ 12

బుల్లీ,

బడులు తెరిచే రోజులు. తలప్రాణం తోకకొస్తోంది. నీలం గుడ్డ తానులు గుమ్మం దాకా పేర్చి ఉన్నాయి, వాటి మీంచి దూకి లోపలికి రావాలి. మీ వదిన కాజాలు కుట్టి కుట్టి, వేళ్ళు వంగడం లేదని కాఫీ గ్లాసు రెండు అరచేతుల్తో పట్టుకుంటోంది.

కాయితాలు నీకిచ్చి నేను గుడ్డివాణ్ణయ్యాను. పోస్టుమాస్టరు గారు నిన్నొచ్చి చొక్కా గుడ్డ ఇచ్చారు. ఆది చొక్కా తెచ్చివ్వండి, కొలతకి ఉంటుంది అన్నాను. "మీ అమ్మకి నా వీపు కంఠతా వచ్చు, నీకు రాదా?" అని మొహం మాడ్చుకున్నారు. టేపు తీసుకుని కొలవబోతే, ఇరవయ్యేళ్ళలో ఎవరూ కొలవలేదని గొణిగారు. ఆయన పొట్ట ఇరవయ్యేళ్ళ కిందటి మాట వింటుందా? అమ్మ ఆ కాయితానికి ఏటేటా కాస్త కాస్త చేర్చుకుంటూ వచ్చింది, ఆయనకి తెలియకుండా. ఎత్తి రాసుకున్నవి రాసుకున్నట్టే తిప్పి పంపు.

పక్క కాయితం గురించి అడిగావు. ఏ కవితో, అందులో ఏముందో రాస్తే వెతకడానికి వీలుగా ఉంటుంది. ఊరికే వీపు కాయితం అంటే, నాకు ఊళ్ళో సగం మంది వీపులు తెలుసు.

చదివి ఉండనని నువ్వే అనేసుకున్నావు. సరే.

అన్నయ్య

*

మేడ మీది గది,
జూలై 6

అన్నయ్యా,

నువ్వడిగావు గానీ, అందులో నీకు పనికొచ్చేదేమీ లేదు. అమ్మ ఏవో పాత దిగుళ్ళు రాసుకుంది. పైగా సగమే ఉంది. సగం చూసి ఏం చెప్పను?

నాకు స్థిమితం లేదు. కాలుగాలిన పిల్లిలా ఆ తాళ్ళ కింద తిరుగుతున్నాను. ఇవాళ ఒక వరసలో కడతాను, రేపు అదంతా విప్పి ఇంకో వరస. అన్నం ముందు కూచుంటే అవతల గాలికి ఒక కాలరు కదుల్తుంది, లేచి వెళ్ళి మళ్ళీ చదువుతాను. మొన్న ఆఫీసులో చెరువు మధ్యలోంచి రోడ్డు గీశాను. మా పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, "పడవలో వెళ్ళాలా అమ్మా?" అన్నాడు. పది మందీ నవ్వారు. పదకొండేళ్ళలో ఇలాంటి తప్పు చెయ్యలేదు.

పుస్తకంలో వేసేవాటి జాబితా దీంతో పెడుతున్నాను. నలభై ఉన్నాయి.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. ఆ రెండో సగం నువ్వు చూశావా? చూసి దాచావా? చింపేశావా? జూన్ ఉత్తరం ఆఖర్న 'సరే' అని ఊరుకున్నావు. నువ్వు ఊరుకున్నావంటే లోపల ఏదో ఉన్నట్టు. చిన్నప్పుడు నా రంగు పెన్సిళ్ళ డబ్బా మీద కూచుని విరగ్గొట్టినప్పుడూ ఇంతే, కుక్కిన పేనులా మూడు రోజులు మాట్లాడలేదు. అది అమ్మ రాత. అందులో ఏమున్నా సరే, చింపే హక్కు నీకు లేదు, నాకూ లేదు. ఉంటే పంపు. లేకపోతే లేదని ఒట్టు పెట్టి రాయి.

బుల్లి

*

కొట్టు నుంచి,
జూలై 14

బుల్లీ,

చింపలేదు. ఒట్టు కూడా పెట్టను. నమ్మితే నమ్ము.

చొక్కా వీపు కత్తిరించేటప్పుడు గుడ్డని మధ్యకి మడత పెడతాం. ఆ మడత మీద కాయితం తిన్నటి అంచు ఆనించి, చుట్టూ కత్తెర తిప్పుతాం. గుడ్డ విప్పితే రెండో సగం దానంతటదే వస్తుంది. అందుకని వీపు కాయితం ఎవరిదైనా సగమే ఉంటుంది. పక్క షీటంటూ ఉండదు. అమ్మ అంచు దాకా రాసింది, చోటు అయిపోతే కింద పాదం మొదలెట్టింది. నువ్వు చదివిందే మొత్తం. దర్జీల ఇంట్లో పుట్టి పెరిగి ఈ ముక్క తెలీదంటే ఎవరైనా నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నీ జాబితా చూశాను. నలభై. నేను పంపినవాటిలో రాత ఉన్నవి నలభై ఒకటి. చుట్టేముందు నేనే ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

అన్నయ్య

*

మేడ మీది గది,
ఆగస్టు 2

అన్నయ్యా,

ఎలా మొదలెట్టాలో తెలియక నాలుగు కాయితాలు పాడుచేశాను. నేను నీకు అబద్ధం చెప్పాను. నలభై ఒకటోది ఆ వీపు కాయితమే. అది నీ గురించి. చదివి నువ్వేమైపోతావో అని జాబితాలోంచి తీసి, నీకు నలభయ్యే చూపించాను. ఇదిగో, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

పదహారేళ్ళవాణ్ణి బడి మానిపించాను
వాళ్ళ నాన్న కాలు విరిగిందని చెప్పాను
కాలు నాలుగు నెలల్లో అతుక్కుంది
వాడి బడి అతుక్కోలేదు
పొద్దుట రెండు గంటలు నాకు కావాలి
నాలుగు మాటలు రాసుకోవడానికి
ఎవరి దగ్గరుంటాయి రెండు గంటలు?
వాడి దగ్గరున్నాయి, తీసుకున్నాను
ఒక్క మాట అడిగితే కాదంటానా

నాన్న కాలు విరిగినందుకే నువ్వు మిషనెక్కావని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నాన్న లేచి నడిచాక కూడా నువ్వు బడికి వెళ్ళకపోతే, నీకు చదువబ్బలేదన్నారు అందరూ. నేను కూడా అన్నాను. నీ ఎదురుగా, నా స్నేహితురాళ్ళ ముందు, మా అన్నయ్యకి చదువంటే కడుపునొప్పి అని. జూన్‌లో రాసిన ఉత్తరంలో కూడా అదే కూత కూశాను. ఎంత సిగ్గుగా ఉందో నీకు చెప్పలేను. నువ్వు పొద్దుటే అమ్మ మిషను మీద కూచుంటే, అమ్మ వెనక గదిలో తలుపు వేసుకునేది, గుర్తుందా? నేను ఆ తలుపు ముందునుంచే పుస్తకాల సంచీ తగిలించుకుని బడికి పోయాను. నీ చదువు కూడా నేనే చదివేసుకున్నట్టుంది.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఇది పత్రికాయనకి చూపించాను. కిందటి నెలలోనే. ఆయన రెండుసార్లు చదివాడు. తర్వాత, "మిగతా నలభయ్యీ ఒక ఎత్తు, ఈ చివరి పాదం ఒక ఎత్తు" అన్నాడు. అది పుస్తకం ఆఖరి పేజీలో ఒంటరిగా వేస్తాడట. కొడుకు గొంతు తనే తెచ్చుకుని, తన్ని తనే నిలదీసుకుంది, ఇంత ధైర్యం ఎవరికుంటుంది అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఆ పాదం చదివినప్పుడల్లా అమ్మ మీద కోపం కరిగిపోతోంది. తప్పు చేసింది, ఒప్పుకుంది. అది నలుగురికీ తెలిస్తే నీ మీద పడ్డ మాట కూడా పోతుంది కదా?

వేద్దాం అన్నయ్యా. ఏమంటావు?

బుల్లి

*

కొట్టు నుంచి,
ఆగస్టు 10

బుల్లీ,

నువ్వు రాసి పంపక్కర్లేదు. అది నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు చూశాను. అమ్మ సంతకి వెళ్ళింది, చొక్కా ఒకటి అర్జంటు. మేకుకి తగిలించిన కాయితాల్లో అది తీసి గుడ్డ మీద పరిచాను. కత్తెర పట్టుకుని చదివాను. గుడ్డ కొయ్యకుండా అలాగే నిలబడ్డాను. అవును, బడి మానినవాడికి కూడా చదవడం వచ్చు. అమ్మ రాసినవన్నీ నేను చదివాను. నువ్వు రెండు నెలలుగా చదువుతున్నావు, నేను ఇరవై రెండేళ్ళుగా వాటిని గుడ్డ మీద పరుచుకుని కత్తిరిస్తున్నాను.

ఆ కాయితం నేను నీకు పంపకుండా ఉండగలిగేవాణ్ణి. అయినా మూడో చుట్టలో అడుగున నా చేత్తో పెట్టాను. నువ్వు చూడాలని. చూసి, నాకు ఒక ఉత్తరం ముక్క రాస్తావని. నువ్వు చూడాలనుకున్నాను బుల్లీ, ఊరు చూడాలని కాదు. జూన్ అంతా ఎదురుచూశాను. పక్క షీటు ఏదీ అని అడిగావు. తర్వాత చింపావా అని అడిగావు.

ఇప్పుడు ఇది విను. ఆ చివరి పాదం అమ్మది కాదు. నాది.

చదివిన రోజునే, అమ్మ వాడే నీలం పెన్సిలుతో, అమ్మ పాదాల కింద రాశాను. నా అక్షరం అమ్మ అక్షరమే, ఆ కాయితాల మీద అంకెలు దిద్దే నేర్చుకున్నాను. అందుకే నీకు తేడా తెలియలేదు. రాసి, మళ్ళీ మేకుకి తగిలించాను. మర్నాడు అమ్మ ఆ కాయితం తీసింది. నేను కాలరు కుడుతూ ఓరగా చూస్తున్నాను. పరిచింది. రెండు చొక్కాలు కత్తిరించింది. మళ్ళీ తగిలించింది. "టీ పెట్టనా?" అంది. అంతే.

చదివిందో లేదో నాకు ఇవాళ్టికీ తెలీదు. ఆ కాయితాలు ఆవిడ వేళ్ళకి తెలుసు, కళ్ళతో చూడక్కర్లేదు. చూడలేదేమో అని కొన్నేళ్ళు అనుకున్నాను. చూసి కూడా ఊరుకుందేమో అని కొన్నేళ్ళు అనుకున్నాను. రెండోది అనుకున్న రోజుల్లో ఆవిడ పక్కన కూచోవడం కష్టంగా ఉండేది.

చదివుంటే నేనేదో పెద్ద డాక్టరునయ్యేవాణ్ణని కాదు. లెక్కలంటే ప్రాణం నాకు. ఆ కడుపునొప్పి పద్యాల రోజునే వచ్చేది, లెక్కల రోజున ఎప్పుడైనా వచ్చిందా? రెండు గంటలు కావాలి నాన్నా అని ఒక్కసారి అడిగి ఉంటే, నేనే మిషను ఎక్కేవాణ్ణి. అది నాకు తెలుసు. ఆవిడకి తెలియలేదు. నా మొహాన చెప్పలేని మాట అచ్చులో అందరికీ చెప్తే అది ఒప్పుకోవడమా? ఎంత ధైర్యం అని చప్పట్లు ఆవిడకి. నేను మళ్ళీ ఎప్పట్లాగే బడి మానినవాణ్ణి. పైగా నా పాదానికి కూడా చప్పట్లు ఆవిడకే.

వద్దు. తీయించెయ్యి.

నువ్వు కూడా ముందు ఇచ్చేసి తర్వాత అడిగావు. తల్లికి తగ్గ కూతురివి.

అన్నయ్య

*

మేడ మీది గది,
ఆగస్టు 27

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు. నువ్వన్న ఆఖరి మాట నాకు తగలాల్సిందే. తగిలింది. మూడో రోజు పొద్దుటే ప్రెస్సుకి వెళ్ళాను.

ఆయన కొత్తగా అచ్చయిన అట్టలు ఆరబెట్టుకుంటున్నాడు. నలభై ఒకటోది ఇచ్చెయ్యండి, వెయ్యడానికి వీల్లేదు అన్నాను. ఎందుకమ్మా అన్నాడు. ఆఖరి పాదం మా అమ్మది కాదండీ, మా అన్నయ్యది, నేను అడక్కుండా తెచ్చిచ్చాను అన్నాను. ఆయన చేతిలో అట్ట కింద పెట్టేశాడు. "ఆగు, ఆగు. ఈ మాట నేను ఎక్కడో చదివాను" అన్నాడు.

ఇద్దరం కలిసి ఆ బీరువాలు వెతికాం. ఎంత దుమ్మనుకున్నావు! తుమ్మలేక చచ్చాను. ఎలకలు కొట్టిన కట్టలు, వెయ్యని కథలు, తిరుగు స్టాంపులు. మధ్యాహ్నానికి ఒక కవరు దొరికింది. తొమ్మిదేళ్ళ కిందటి ముద్ర. అమ్మ రాత. లోపల ఏడు కవితలు, ఒక చీటీ. ఏడోది అదే. శుభ్రంగా ఎత్తి రాసింది, తొమ్మిది పాదాలూ. ఏడోది పక్కన పెట్టమంది గనక నేను చదవకుండానే పక్కన పెట్టేశాను, తర్వాత మర్చిపోయాను అని తల పట్టుకున్నాడాయన.

ఆ చీటీ దీంట్లో పెడుతున్నాను. అది నీది, నీ దగ్గరే ఉంచుకో. పోస్టులో పోతుందేమో అన్న భయానికి ఇక్కడ కూడా ఎత్తి రాస్తున్నాను:

"అయ్యా, ఏడు పంపుతున్నాను. ఆరు వేసుకోండి. ఏడోది ఇప్పుడే వద్దు. చివరి పాదం నాది కాదు, మా అబ్బాయిది. నా పాదాలన్నిటికంటే అదే బాగుంది. వాడికి పంతొమ్మిదేళ్ళప్పుడు రాశాడు. ఇన్నేళ్ళూ వాడికి ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. అడక్కుండా వాడి దగ్గర ఒకసారి తీసుకున్నాను. ఈసారి అడగాలి. అడిగి రాస్తాను."

మళ్ళీ రాయలేదట.

చదివింది అన్నయ్యా. ఆ రోజే చదివింది. తొమ్మిదేళ్ళ కిందట అడగాలనుకుంది. ఆ తర్వాత కూడా ఎనిమిదేళ్ళు బతికింది కదా, నీ పక్క మిషను మీద, చెయ్యి చాపితే అందేంత దూరంలో! ఒక్క మాట. నోరు పెగల్లేదు. నాకు ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ ప్రెస్సులోనే, ఆయన ముందే, "ఏం మనిషివమ్మా నువ్వు" అని గట్టిగా అరిచాను. అరిచి కూలబడి ఏడ్చాను. ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

రెండు ప్రతులూ, ఆయన కూర్చిన అచ్చు నకలూ, అన్నీ వెనక్కి తెచ్చుకున్నాను. నా పెట్టెలో ఉన్నాయి. పుస్తకం నలభైతో వచ్చినా నాకు బాధ లేదు, నిజంగా లేదు. ఆవిడ అడగాల్సింది అడగలేదు. నేను అడగాల్సింది అడగలేదు. ఇప్పుడు ఇద్దరి తరఫునా నేను అడుగుతున్నాను. ఇది వేసుకోవచ్చా అన్నయ్యా? కాదంటే కాదనే. మళ్ళీ ఎత్తను.

బుల్లి

*

కొట్టు నుంచి,
సెప్టెంబరు 9

బుల్లీ,

చీటీ చేరింది. ఏముందో చదవమంది మీ వదిన. మొదటి ముక్క దాకా చదివి, మిగతాది నావల్ల కాక తనకే ఇచ్చేశాను. కొట్లో మనుషులున్నారు, వెనక గదిలోకి పోయి ఏడ్చాను. నలభై దాటిన మగాణ్ణి, దారపు ఉండల మధ్య కూచుని.

వేసుకో. నా పేరు వద్దు. చివరి పాదం కొడుకుది అని కింద చిన్న అక్షరాల్లో వెయ్యమను, చాలు. తల్లికి తగ్గ కూతురివి అన్నాను, దానికి ఏమీ అనుకోకు. పోస్టుమాస్టరు గారి కాయితం మాత్రం ముందు పంపు, రోజూ వచ్చి కూచుంటున్నారు.

నీకు ఒకటి చెప్పాలి. చీటీ చదివినప్పట్నుంచీ ఇదే తిరుగుతోంది. ఆఖరి ఏళ్ళలో అమ్మ ఉన్నట్టుండి మిషను ఆపేది. కళ్ళజోడు తీసి నా వైపు తిరిగి, "ఒరేయ్, నిన్నొకటి అడగాలిరా" అనేది. నేను పెడలు ఆపకుండానే, కుట్టు మీంచి తల ఎత్తకుండానే, "ఏంటమ్మా?" అనేవాణ్ణి. కాసేపు అలాగే చూసి, "గుండీలొచ్చాయా?" అనేది. వచ్చాయమ్మా అనేవాణ్ణి. ఒకసారి రెండుసార్లు కాదు, ఎన్నిసార్లో. ఎన్నిసార్లు ఆ గుండీలే అడుగుతావని విసుక్కున్నాను కూడా.

ఒక్కసారి నేను కూడా మిషను ఆపాల్సింది బుల్లీ.

అన్నయ్య